బీస్టీనా, కొమ్ముల బంతా: ఫ్రీబీఎస్‌డీ బ్యానర్‌కి లోగో తేల్చుకున్న నా అనుభవం

ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌కి (ఓఎస్‌కి) రెండు ముఖాలున్నాయి. ఒకటి బీస్టీ, కొమ్ములు, తోక, చేతిలో త్రిశూలం, కాళ్లకి స్పోర్ట్స్ షూస్ వేసుకుని నవ్వుతూ నిలబడే ఎర్ర బుడ్డోడు. రెండోది 2005 నుంచి ఉన్న అఫీషియల్ లోగో, రెండు కొమ్ములున్న నున్నటి ఎర్ర బంతి. ఈ రెండిట్లో ఏది వెయ్యాలి అన్నది బయటివాళ్లకి చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఈ ఓఎస్ వాడేవాళ్లని నలుగుర్ని ఒక చోట కూర్చోబెట్టి అడిగి చూడండి, పొద్దుపోతుంది గానీ తేలదు.

నాకీ పని ఎలా పడిందంటే, హైదరాబాద్‌లో రకరకాల కంపెనీల్లో సర్వర్లు చూసుకునే వాళ్లం కొంతమందిమి కలిసి ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రోగ్రామ్ జరుగుతుంటే అక్కడ ఫ్రీబీఎస్‌డీకి ఒక టేబుల్ పెడదాం అనుకున్నాం. లినక్స్ టేబుల్స్ ఎలాగూ ఉంటాయి, బీఎస్‌డీ అంటే మాత్రం స్టూడెంట్స్‌కి ఓఎస్ సబ్జెక్ట్‌లో యూనిక్స్ అనే పాత ఓఎస్ చరిత్ర దగ్గర వచ్చే ఒక పేరు, అంతే. ఆ పేరు వెనక ఇప్పటికీ పనిచేస్తున్న సిస్టమ్ ఒకటుందని, ప్లేస్టేషన్ 4 లోపల ఉన్న ఓఎస్‌కి బేస్ అదేనని, నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లు దాని మీదే నడుస్తాయని పిల్లలకి చెప్పాలని మా ఆశ. బ్యానర్, స్టిక్కర్లు, టీషర్ట్‌లు నువ్వు చూస్కో అని నాకు అప్పజెప్పారు, బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ నాకు కొంచెం వచ్చు కాబట్టి.

మొదటి రోజు గ్రూప్‌లో "బీస్టీ పెడుతున్నా, ఓకేనా" అని అడిగా. ఎందుకంటే నాకు బీస్టీ అంటే ప్రాణం, నేను మొదటిసారి ఫ్రీబీఎస్‌డీ బూట్ చేసినప్పుడు స్క్రీన్ మీద అక్షరాలతో గీసిన ఆ బొమ్మ చూసే ఈ సిస్టమ్ మీద ఇష్టం మొదలైంది. సీనియర్ అన్న ఒకాయన వెంటనే ఓకే అన్నాడు, ఆయన ఫ్రీబీఎస్‌డీ 4వ వెర్షన్ కాలం నుంచి వాడుతున్నాడు. కానీ మాలో చిన్నవాడు, ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన తమ్ముడు, "అన్నా అది ఫ్రీబీఎస్‌డీ లోగో కాదు కదా, మస్కట్ కదా, అంటే ముద్దుగా పెట్టుకున్న బొమ్మ" అన్నాడు. అక్కడ మొదలైంది.

నేను కూర్చుని పాత సంగతులన్నీ తవ్వా. బొమ్మ ముందు ఫ్రీబీఎస్‌డీది కానే కాదు. 1976లో ఫిల్ ఫోలియో అనే కామిక్స్ ఆర్టిస్ట్ మైక్ ఓబ్రయన్ కోసం ఒక బొమ్మ గీశాడు, పీడీపీ-11 కంప్యూటర్, పైపులు, వాటి చుట్టూ తిరిగే కొమ్ముల బుడ్డోళ్లు. యూనిక్స్‌లో వెనకాల ఎవరికీ కనపడకుండా పనిచేసే ప్రోగ్రామ్స్‌ని డీమన్స్ అంటారు కదా, వాళ్లే వీళ్లు. తర్వాత 1980లలో బీఎస్‌డీ అనే యూనిక్స్ తయారుచేసిన బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల మాన్యువల్స్ అట్టల మీదకి జాన్ లాసెటర్ గీశాడు, అవును, తర్వాత పిక్సార్ యానిమేషన్ స్టూడియోలో అంత పేరు తెచ్చుకున్న ఆ లాసెటరే. మనం చూసే షూస్ వేసుకున్న రూపం ఆయనదే, చేతిలో ఉన్న త్రిశూలం కూడా ఊరికే పెట్టింది కాదు, యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ని పుట్టించడాన్ని ఫోర్క్ అంటారు, అది దానికి గుర్తు. ఆ బొమ్మ మీద 1988 నాటి కాపీరైట్ మార్షల్ కిర్క్ మెక్‌క్యూసిక్ పేరు మీద ఉంది, బర్క్‌లీ యూనిక్స్ ఫైల్ సిస్టమ్ రాసిన మనిషి. ఇంకో సంగతి, ఫ్రీబీఎస్‌డీ పేజీల్లో మెరుస్తూ కనిపించే గుండ్రటి బీస్టీని 1990లలో గీసింది జపాన్‌కి చెందిన తత్సుమి హోసొకావా.

ఫ్రీబీఎస్‌డీ ప్రాజెక్ట్ మొదలైంది 1993లో. అంటే బొమ్మ పుట్టిన చాలా ఏళ్లకి. అదే బర్క్‌లీ యూనిక్స్ నుంచి వచ్చిన నెట్‌బీఎస్‌డీకీ అదే బుడ్డోడు, ఓపెన్‌బీఎస్‌డీ మొదట్లో అదే బుడ్డోడు. నాకు ఇక్కడ విషయం అర్థమైంది, బీస్టీ అనేది ఇంటిపేరు లాంటిది, అన్నదమ్ములందరికీ వర్తిస్తుంది, గుంపులో ఒకణ్ణి పిలవాలంటే సొంత పేరు కావాలి.

మిగతా వాళ్లు కూడా ఒక్కొక్కరుగా అదే దారి పట్టారు చూడండి. ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు 2000లో పఫీ అనే బుస్సుమని ఉబ్బే ముళ్ల చేపని తెచ్చుకున్నారు, బ్లోఫిష్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి పేరు ఆ చేపదే కాబట్టి, సెక్యూరిటీ అంటే ప్రాణం పెట్టే ప్రాజెక్ట్‌కి అంతకన్నా సరిపోయే జంతువు దొరకదు నన్నడిగితే. నెట్‌బీఎస్‌డీ పాత లోగోలో డీమన్లు గుంపుగా కంప్యూటర్ల కుప్ప మీద జెండా పాతుతుంటారు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ స్టిక్కర్ సైజుకి తెస్తే ఏమీ కనపడదు, 2004లో వాళ్లు డీమన్లని తీసేసి జెండా ఒక్కటే ఉంచారు. ప్లాన్ 9 అనే ఇంకో ఓఎస్ కథ వేరు, దానికి రెనే ఫ్రెంచ్ గీసిన గ్లెండా అనే కుందేలు ఉంది, అది మస్కటూ అదే, లోగోలా వాడేదీ అదే, వాళ్లకి చుట్టాలు ఎవరూ లేరు కాబట్టి తికమక లేదు. లినక్స్ పెంగ్విన్ కూడా అంతే, 1996లో లారీ యూయింగ్ గింప్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన టక్స్, ఎవరికి చూపించినా లినక్స్ అంటారు.

ఫ్రీబీఎస్‌డీ వాళ్లు 2005లో లోగో పోటీ పెట్టారు. అప్పట్లో పెద్ద గొడవే అయ్యింది, బీస్టీని తీసేస్తున్నారు అని చాలామంది బాధపడ్డారు, ప్రాజెక్ట్ వాళ్లు మాత్రం బీస్టీ మస్కట్‌గా ఉంటుంది, లోగో వేరే కావాలి అన్నారు. ఆంటన్ గురల్ డిజైన్ గెలిచింది, ఆ ఏడాది అక్టోబర్‌లో ప్రకటించారు. బంతిని జాగ్రత్తగా చూస్తే బీస్టీ తల అది, కళ్లూ నోరూ తీసేసి కొమ్ములు మాత్రం ఉంచారు. ఇది నాకు ముందు నచ్చేది కాదు, ముఖం లేని ముఖం ఏంటి అనిపించేది.

సరే, చరిత్ర చదివి తేల్చేది కాదు ఇది, జనానికి చూపించి చూద్దాం అనుకున్నా. రెండు బొమ్మలు పక్కపక్కన, పేరు లేకుండా, కాయితం మీద ప్రింట్ తీసి ఆఫీసులో కంప్యూటర్స్‌తో సంబంధం లేని వాళ్లకి, మా అపార్ట్‌మెంట్‌లో ఇంటర్ చదివే పిల్లలకి, మా పిన్నికి చూపించా. బీస్టీని చూసి గేమ్ ఏదో అన్నారు పిల్లలు, మా పిన్ని "యమభటుడిలా ఉన్నాడు, కానీ ముద్దుగా ఉన్నాడురా" అంది. బంతిని చూసి ఒకరు చెర్రీ అన్నారు, ఒకరు బైక్ హెల్మెట్ అన్నారు, ఇంకొకరు మిరపకాయ సాస్ కంపెనీనా అన్నారు. కొన్నాళ్లాగి మళ్లీ వాళ్లనే అడిగితే బీస్టీ అందరికీ గుర్తున్నాడు, బంతి సగం మందికి గుర్తులేదు. ఇది చూసి సీనియర్ అన్న గెలిచేసినట్టే మాట్లాడాడు. కానీ నేను ఇంకో ప్రశ్న కూడా అడిగా, ఇది దేనికి సంబంధించింది అని. బీస్టీ గుర్తున్న ఒక్కరు కూడా కంప్యూటర్ ఓఎస్ అనలేదు. గుర్తుండటం ఒకటి, దేనికో తెలియడం ఒకటి. పేరు తెలియని సిస్టమ్‌కి బొమ్మ ఎంత బావున్నా పక్కన పేరు లేకపోతే ఆ గుర్తు మనకి ఉపయోగపడదు. ఇక్కడి నుంచి నా ఆలోచన మారింది, బొమ్మ ఏది అనేదానికంటే పేరుతో కలిపి ఏది బాగా నిలబడుతుంది అని చూడటం మొదలుపెట్టా.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది తేలిగ్గా తీసేస్తారు, నేను తీసెయ్యలేను. మా గ్రూప్‌లో ఒకతను క్రిస్టియన్, గుంటూరు వైపు, వాళ్ల నాన్నగారు పాస్టర్. మీటింగ్‌లో అందరూ బీస్టీ అంటున్నప్పుడు ఏమీ అనలేదు, తర్వాత నాకు ఒక్కడికే ఫోన్ చేసి "బ్రదర్, ఆ బొమ్మ వెనక కథ నాకు తెలుసు, నాకేం ఇబ్బంది లేదు, కానీ ఆ టీషర్ట్ వేసుకుని నేను ఇంట్లోకి వెళ్లలేను, అమ్మకి డీమన్ అంటే బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ అని ఎలా చెప్పను" అన్నాడు. 2005 పోటీ టైమ్‌లో కూడా ఈ మాట వచ్చింది, అప్పుడు దాన్ని చదివి అమెరికా వాళ్ల చాదస్తం అనుకున్నవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఇది న్యాయమైన మాటే. మన టేబుల్ దగ్గర రోజంతా నిలబడి పిల్లలకి జైల్స్, జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫ్రీబీఎస్‌డీ సౌకర్యాలు చూపించే మనిషి ఇబ్బంది పడే బొమ్మ మనం ఎందుకు వెయ్యాలి.

తర్వాత ప్రింటింగ్. అసలు సంగతంతా ఇక్కడే తేలింది.

మా సందు చివర ఫ్లెక్సీ షాప్ ఉంది, రాజకీయ నాయకుల బర్త్‌డేలు, హాఫ్ శారీ ఫంక్షన్లు, అన్నీ అక్కడే. హోసొకావా బీస్టీ ఇమేజ్ పట్టుకెళ్లా. ఆ అన్న జూమ్ చేసి చూసి "ఇది ఆరడుగులకి పోతే మొత్తం పగిలిపోతది అన్నా, సీడీఆర్ ఫైల్ ఉంటే ఇయ్యి" అన్నాడు. ఆ మెరుపులు, నీడలు అన్నీ పిక్సెల్స్‌లో ఉన్నాయి, వెక్టర్‌గా, అంటే ఎంత పెంచినా పగలని గీతలుగా మళ్లీ గీస్తే బొమ్మ వేరే అయిపోతుంది, అసలు అలా గీయడానికి నాకు హక్కు ఉందా అన్నది ఇంకో ప్రశ్న. బంతి లోగో మాత్రం ప్రాజెక్ట్ వాళ్లే వెక్టర్ ఫైల్‌గా ఇస్తారు, ఎంత సాగదీసినా అంచు చెక్కుచెదరదు.

స్టిక్కర్లకి చత్తా బజార్ వెళ్లా, పెళ్లి కార్డుల ప్రెస్‌ల మధ్యలో స్టిక్కర్ కటింగ్ చేసే షాపులున్నాయి. లాప్‌టాప్ మూత మీద అంటించే సైజు, రెండు అంగుళాలు. అక్కడ మెషిన్ వినైల్ షీట్‌ని బొమ్మ అంచు వెంట కోస్తుంది, తర్వాత చుట్టూ ఉన్న వేస్ట్ అంతా చేత్తో పీకాలి. బీస్టీ త్రిశూలం మొనలు, తోక చివర, షూ లేసులు, ఇవన్నీ పీకేటప్పుడు చిరిగిపోతాయి. ఆ పని చేసే పెద్దాయన శాంపిల్ ఒకటి తీసి చూపించి "తోక నిలబడదు సార్" అన్నాడు, నిజంగానే నిలబడలేదు. బంతికి కొమ్ములు రెండే, మందంగా ఉన్నాయి, ఒక్క లాగులో వచ్చేసింది. కాకపోతే ఒకే రంగులో కోసినప్పుడు బంతి మీదున్న మెరుపు పోయి ఒట్టి గుండ్రం అవుతుంది, అందుకని స్టిక్కర్లు కలర్ ప్రింట్ తీసి అంచు మాత్రం కోయించాం, ఖర్చు కొంచెం పెరిగింది గానీ బొమ్మ బొమ్మలా ఉంది.

బ్రౌజర్ ట్యాబ్‌లో కనిపించేంత చిన్న సైజు, అంటే 16 పిక్సెల్స్‌కి కూడా తగ్గించి చూశా, మా ప్రోగ్రామ్ పేజీకి కావాలి కాబట్టి. బీస్టీ ఎర్రటి మరక అయిపోయాడు. బంతి ఆ సైజులో కూడా కొమ్ములతో సహా కనిపించింది. ఇది చూసిన రోజు నాకు ఆంటన్ గురల్ మీద గౌరవం పెరిగింది, ముఖం ఎందుకు తీసేశాడో అప్పుడు తెలిసింది, చిన్న సైజులో ముందు చచ్చిపోయేది ముఖమే, కడదాకా మిగిలేది కొమ్ములే.

రంగు గురించి ఒక మాట, స్క్రీన్ మీద ఎరుపు వేరు, ఫ్లెక్సీ మీద ఎరుపు వేరు. మొదటి శాంపిల్‌లో బంతి మిఠాయి రంగులో వచ్చింది. షాప్ అన్నతో కూర్చుని ముదురు ఎరుపు వచ్చేదాకా చిన్న చిన్న ముక్కలు ప్రింట్ తీయించా, ఆయన విసుక్కోకుండా చేశాడు, మంచి మనిషి.

హక్కుల సంగతి చాలామంది పట్టించుకోరు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ కదా బొమ్మ కూడా ఫ్రీనే అనుకుంటారు. కాదు. సోర్స్ కోడ్ లైసెన్స్ కోడ్‌కే. బంతి లోగో, ఫ్రీబీఎస్‌డీ అనే పేరు, రెండూ ఫ్రీబీఎస్‌డీ ఫౌండేషన్ వాళ్ల ట్రేడ్‌మార్క్‌లు, వాడుకోవడానికి నియమాలు రాసి పెట్టారు. బీస్టీ కాపీరైట్ మెక్‌క్యూసిక్ దగ్గర ఉంది, సొంతంగా వాడుకునేవాళ్లకి ఆయన బాగానే వదులుగా ఉంటాడు, బీఎస్‌డీకి సంబంధించి, సభ్యతగా వాడమంటాడు, సభ్యత తప్పినదానికి ఉదాహరణగా సోలారిస్ అనే మరో యూనిక్స్ లోగోని బీస్టీ మంటపెట్టి కాలుస్తున్న బొమ్మని చెప్తారు. ఎక్కువ సంఖ్యలో వేసి పంచాలంటే మాత్రం అడగాలి. అంటే ఒకే టీషర్ట్ మీద రెండూ వేస్తే ఇద్దరి అనుమతి కావాలి. నేను బంతి కోసం నియమాలన్నీ చదివి, ఎక్కడ ఎలా వాడుతున్నామో రాసి అడిగి, సరే అన్నాకే ప్రింట్‌కి ఇచ్చా. కాలేజీ పిల్లలకి లైసెన్సుల గురించి చెప్పడానికి వెళ్తూ మనమే ఇంకొకరి మార్క్ అడక్కుండా వాడితే ఆ మాటకి విలువ ఏముంటుంది.

ఇక తెలుగు. బ్యానర్ మీద పేరు తెలుగులో కూడా ఉండాలని నా పట్టు. కొందరు ఎందుకు, ఇంజినీరింగ్ పిల్లలే కదా అన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇదే బ్యానర్ రేపు జిల్లా కాలేజీలకి, పాలిటెక్నిక్‌లకి కూడా వెళ్లాలి. కానీ లోగోలో ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు తీసేసి వాటి చోట తెలుగు పెడితే అది లోగోని మార్చడమే, అది చెయ్యకూడదు. అందుకని లోగో మొత్తం ఉన్నదున్నట్టు పైన, చుట్టూ సరిపడా ఖాళీ, కింద విడిగా తెలుగులో ఫ్రీబీఎస్‌డీ, దాని కింద "1993 నుంచి నడుస్తున్న ఉచిత యూనిక్స్ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టమ్" అని ఒక లైన్. ఫాంట్‌కి చాలా చూశా, రామభద్ర బొద్దుగా ఉండి బంతితో పోటీ పడింది, మండలి సన్నగా మర్యాదగా కుదిరింది, పైగా ఓపెన్ లైసెన్స్. ఇక్కడ తెలుగువాళ్లందరికీ పనికొచ్చే ముక్క ఒకటి, ఫ్లెక్సీ షాపుల్లో చాలావరకు ఇంకా యూనికోడ్ కాని అనూ ఫాంట్సే, మన యూనికోడ్ తెలుగు తీసుకెళ్లి వాళ్ల పాత కోరెల్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ఒత్తులు ఎక్కడివక్కడ విడిపోతాయి. అందుకని ఇంక్‌స్కేప్‌లోనే అక్షరాల్ని గీతలుగా మార్చేసి పీడీఎఫ్ ఇవ్వండి, ఒక్క ఒత్తు కూడా కదలదు.

సీనియర్ అన్న మాత్రం చివరి మీటింగ్ దాకా బీస్టీని వదల్లేదు. "ఆ బంతిని చూసి ఎవడైనా నవ్వుతాడా, బీస్టీని చూస్తే నవ్వుతాడు, అదే మన సిస్టమ్" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది, నాకూ అదే అనిపిస్తుంది. నేను చెప్పింది ఒకటే, బ్యానర్ దూరం నుంచి చూసి ఇది ఏ ఓఎస్ అని తెలుసుకునే వాడికి, బీస్టీ దగ్గరికొచ్చి కూర్చున్న వాడికి. లోగో పని లోగోది, మస్కట్ పని మస్కట్‌ది, రెండిటి చేతా ఒకే పని చేయిద్దామనుకోబట్టే ఇన్ని గొడవలు. ఆయన ఆలోచించి, సరే అయితే డెమో మెషిన్ మీద మాత్రం నా బీస్టీ ఉండాలి అన్నాడు.

అది చాలా తేలిక. ఇన్‌స్టాల్ చేసిన ఫ్రీబీఎస్‌డీలో బూట్ అయ్యేటప్పుడు బంతి కనిపిస్తుంది. బూట్ సెట్టింగ్స్ ఉండే లోడర్ కాన్ఫ్ ఫైల్‌లో లోడర్ లోగో అనే లైన్‌కి విలువ బీస్టీ అని ఇస్తే బంతి పోయి పాత బుడ్డోడు వచ్చి నిలబడతాడు. ఇంకా మనసుకి నచ్చే సంగతేంటంటే లోగో మారి ఇన్నేళ్లయినా ఆ బూట్ మెనూని మాన్యువల్‌లో ఇప్పటికీ బీస్టీ మెనూ అనే పిలుస్తారు, దాన్ని ఆపేసే సెట్టింగ్ పేరులో కూడా బీస్టీయే ఉన్నాడు. అధికారికంగా పక్కకి జరిపినా కోడ్ లోపల ఆయన చోటు ఆయనకి ఉంది.

ప్రోగ్రామ్ రోజు బ్యానర్ బాగా నిలబడింది, హాల్ అవతలి తలుపు దగ్గర నుంచి కూడా పేరు చదవగలిగేలా ఉంది. పిల్లలు స్టిక్కర్లు తీసుకున్నారు, చాలామంది "ఇది ఏ కంపెనీది అన్నా" అని అడిగారు, కంపెనీది కాదు అని చెప్పడంతోనే మాట మొదలయ్యేది, నిజానికి ఆ ప్రశ్న కోసమే మేం అక్కడ కూర్చున్నాం. డెమో లాప్‌టాప్ రీబూట్ చేసిన ప్రతిసారీ బీస్టీని చూసి ఫోన్ తీసి ఫోటో కొట్టుకునేవాళ్లు, అప్పుడు సీనియర్ అన్న 1976 నుంచి కథ మొదలుపెట్టేవాడు, ఆయన్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు, ఆపాలని కూడా మేం అనుకోలేదు.

టీషర్ట్ ఒక్కటి మిగిలిపోయింది. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో స్క్రీన్, నల్ల బట్ట అయితే కింద తెల్ల పూత ఇంకోటి, కాబట్టి బీస్టీ వేస్తే ఖర్చు గట్టిగానే అవుతుంది. ముందు ఛాతీ మీద బంతి చిన్నగా, అది అందరికీ. వెనకాల బీస్టీ కావాలన్న వాళ్లకే బీస్టీ, వద్దన్న వాళ్లకి ఖాళీ. దానికి మెక్‌క్యూసిక్ గారికి రాయాల్సిన మెయిల్ డ్రాఫ్ట్ చేసి పెట్టా, ఎన్ని టీషర్ట్‌లు, ఎవరికి, అమ్మడం లేదు అన్న వివరాలు, ఆయన కాపీరైట్ లైన్ అంచున ఎక్కడ వస్తుందో చూపించే డిజైన్ కూడా జత చేశా. గ్రూప్‌లో అందరూ సైజులు చెప్పగానే పంపుతా.